రాకెట్ ఎక్కేవాడి ఇష్టం, కింద ఉన్నవాడి నెత్తి: అంతరిక్ష ప్రయాణంలో రిస్క్ ఎవరిది, నిర్ణయం ఎవరిది?

2022 ఏప్రిల్ 2, ఉగాది. ఆ రాత్రి మహారాష్ట్ర ఆకాశంలో మండుతూ సాగిపోయిన వెలుగుల్ని జనం ఫోన్లలో వీడియోలు తీశారు. చంద్రపూర్ జిల్లా సిందేవాహి తాలూకాలోని లాడ్‌బోరి ఊళ్లో ఒక పెద్ద లోహపు రింగు వచ్చి పడింది. కక్ష్యలో తిరిగి తిరిగి కిందికి జారిన చైనా లాంగ్ మార్చ్ రాకెట్ ముక్క అయి ఉంటుందని నిపుణులు లెక్కగట్టారు. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. చంద్రపూర్ మనకేం దూరం కాదు. కాజీపేటలో బల్లార్షా వైపు రైలెక్కితే, కాగజ్‌నగర్ దాటిన కాసేపటికి ఆ జిల్లాలోనే ఉంటాం.

రెండేళ్ల తర్వాత, 2024 మే 19న, విజయవాడలో పుట్టిన గోపీ తోటకూర అమెరికాలో బ్లూ ఆరిజిన్ వాళ్ల న్యూ షెపర్డ్ రాకెట్ ఎక్కి అంతరిక్షం అంచుదాకా వెళ్లి వచ్చారు. పర్యాటకుడిగా అంతరిక్షానికి వెళ్లిన తొలి భారతీయుడిగా పేరు తెచ్చుకున్నారు. దిగేటప్పుడు మూడు పారాచూట్లలో ఒకటి పూర్తిగా తెరుచుకోలేదు. మిగతా రెండింటితో క్యాప్సూల్ క్షేమంగా దిగింది.

ఇద్దరి నెత్తి మీదా రాకెట్ రిస్కే. ఒకరు కోరి ఎక్కారు. రెండోవాళ్లు పండుగ పూట ఇంట్లో ఉన్నారు. "వాడి ప్రాణం వాడిష్టం, మధ్యలో సర్కారుకేం పని?" అని ఒకరు, "ఏదైనా అయితే చూస్తూ ఊరుకుంటారా?" అని ఇంకొకరు అంటుంటే రెండూ నిజమే అనిపించడానికి కారణం, ఆ మాటల్లో నాలుగైదు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉండటమే. వాటిని విడదీసి చూద్దాం.

రిస్కును కొలిచే చిన్న కొలబద్ద

పది లక్షల్లో ఒక వంతు మరణ అవకాశాన్ని మైక్రోమార్ట్ అంటారు. పేరు కొత్తగా ఉన్నా లెక్క తేలికే. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. జనాభా 140 కోట్లు అనుకుంటే, పది లక్షల మందిలో ఏడాదికి సుమారు 120 మంది. అంటే సగటు భారతీయుడు రోడ్ల వల్ల ఏడాదికి 120 మైక్రోమార్ట్‌లు మోస్తున్నాడు. మూడు రోజులకు ఒకటి.

సగటు అన్నాను కాబట్టి జాగ్రత్త. హనుమకొండ నుంచి ములుగు రోడ్డు మీద రోజూ రాత్రి బండి మీద పోయే కుర్రాడిది, ఇల్లు కదలని ముసలమ్మది ఒకే లెక్క కాదు.

ఇప్పుడు అంతరిక్షానికి వద్దాం. అమెరికా స్పేస్ షటిల్ మొత్తం 135 సార్లు ఎగిరింది. రెండుసార్లు కూలిపోయింది: 1986లో ఛాలెంజర్, 2003లో కల్పనా చావ్లా ఉన్న కొలంబియా. రెండింటిలో కలిపి 14 మంది పోయారు. 135లో 2 అంటే దాదాపు 67 యాత్రలకు ఒకటి, సుమారు 15 వేల మైక్రోమార్ట్‌లు. ప్రైవేటు కంపెనీల వాహనాల్లో తన వ్యోమగాములను పంపడానికి నాసా పెట్టుకున్న హద్దు 270లో ఒకటి. ఏడు నెలల యాత్ర మొత్తం మీద సిబ్బందిని కోల్పోయే అవకాశం అంతకు మించకూడదు. అది 3,700 మైక్రోమార్ట్‌లు. మన రోడ్ల మీద సగటు మనిషి 30 ఏళ్లలో మోసే రిస్క్ ఒక్క ప్రయాణంలో. పైగా ఇది బాగా మెరుగుపడ్డాక వచ్చిన అంకె!

అంకె ఉన్నంత మాత్రాన నమ్మొచ్చా అన్నది వేరే సంగతి. ఛాలెంజర్ కూలాక విచారణ సంఘంలో ఉన్న భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఒక విచిత్రం బయటపెట్టాడు. షటిల్ కూలే అవకాశం ఎంత అంటే పనిచేసే ఇంజనీర్లు వందలో ఒకటి అన్నారు, పైనున్న మేనేజర్లు లక్షలో ఒకటి అన్నారు. ఒకే సంస్థ, ఒకే రాకెట్, వెయ్యి రెట్ల తేడా. ఆ యాత్రలో క్రిస్టా మెకాలిఫ్ అనే బడి పంతులమ్మ ఉంది. రాకెట్ అతుకులను మూసి ఉంచే రబ్బరు ఓ-రింగులు చలికి సరిగా బిగుసుకోవని, ప్రయోగం ఆపమని ముందు రాత్రి ఇంజనీర్లు మొత్తుకున్న సంగతి సిబ్బందిదాకా చేరలేదు. ఆమె ఇష్టపడే వెళ్లింది, నిజమే. దేనికి ఇష్టపడింది? వందలో ఒకటికా, లక్షలో ఒకటికా?

సంతకం, సమ్మతి: రెండూ ఒకటి కావు

ఆపరేషన్‌కు ముందు ఆసుపత్రిలో కాగితం మీద సంతకం పెట్టని కుటుంబం ఉండదు. టెన్షన్‌లో ఎవరూ చదవరు. మన చట్టం మాత్రం సంతకం దగ్గర ఆగిపోదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 14వ సెక్షన్ ప్రకారం బలవంతం, అనుచిత ప్రభావం, మోసం, తప్పుడు సమాచారం, పొరపాటు వీటి వల్ల పుట్టిన ఒప్పుకోలు స్వేచ్ఛగా ఇచ్చింది కాదు. వైద్యం విషయంలో సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో ఇంకాస్త ముందుకు వెళ్లింది. ఏం చేయబోతున్నారు, రిస్క్ ఏమిటి, వేరే దారి ఉందా అన్నది రోగికి తగినంత చెప్పాకే సమ్మతి నిజమైనదవుతుందని, ఒకదానికి ఇచ్చిన సమ్మతి ఇంకోదానికి పనికిరాదని చెప్పింది.

మన పక్కనే జరిగిన ఉదాహరణ ఒకటి ఉంది. 2009–10లో అప్పటి ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా మీద ఒక అధ్యయనం జరిగింది. చాలామంది పిల్లల తరఫున సంతకాలు పెట్టింది తల్లిదండ్రులు కాదు, హాస్టల్ వార్డెన్లు. 2010లో అధ్యయనాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుబట్టింది. ఆ కాలంలో జరిగిన మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. అయినా సమ్మతి తప్పు తప్పే. ఎవరికీ హాని జరగలేదు కాబట్టి అడగకపోయినా ఫరవాలేదు అనే వాదన నాకు మింగుడుపడదు. అలాగని అడిగిన తీరు తప్పు కాబట్టి టీకాయే చెడ్డది అనడమూ అంతే తప్పు.

దీని పక్కన ఇంకో హాస్టల్ అమ్మాయిని పెట్టి చూడండి. నిజామాబాద్ ప్రాంతంలోని పాకాల తండా నుంచి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన మలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. నేపాల్ వైపు నుంచి ఎక్కాలంటే కనీసం 16 ఏళ్లుండాలి, అందుకని టిబెట్ వైపు నుంచి వెళ్లారు. ఒకే కొండకు రెండు వైపులా రెండు నియమాలు! శిక్షణ ఇప్పించారు, ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారు, ఆ అమ్మాయికి గట్టి పట్టుదల ఉంది. ఇవన్నీ ఉన్నా పదమూడేళ్ల పిల్ల "నేను చస్తానేమో" అన్న మాటను ఎంతవరకు తూచగలదు? ఆమె గెలిచి వచ్చింది కాబట్టి మనం ఈ ప్రశ్న అడగం. రిస్క్ నిర్ణయం మంచిదా కాదా అన్నది ఫలితం వచ్చాక తేల్చేది కాదు, బయల్దేరే ముందు తేల్చాల్సింది. ఆ లెక్కన నేపాల్ నియమంలోనూ అర్థముంది, గురుకులం సాహసంలోనూ అర్థముంది.

అమెరికా పెట్టుకున్న 'నేర్చుకునే గడువు'

అంతరిక్ష పర్యాటకుల విషయంలో ఎక్కువగా వినిపించే చట్టం అమెరికాది. 2004లో వాళ్లు ఒక చిత్రమైన ఏర్పాటు చేశారు. రాకెట్ కూలి బయటివాళ్లకు హాని జరగకుండా చూడటం ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ పని. రాకెట్ లోపల కూర్చున్నవాళ్ల భద్రత కోసం మాత్రం అది నియమాలు పెట్టకూడదు. ఎవరైనా చనిపోయినా, తీవ్రంగా గాయపడినా, ఆ ప్రమాదం అంచుదాకా వెళ్లినా అప్పుడు జోక్యం చేసుకోవచ్చు. కంపెనీలు నేర్చుకునేదాకా అని ఈ ఏర్పాటుకు ఒక గడువు పెట్టారు, అది ముగియాల్సిన ప్రతిసారీ పొడిగిస్తూ వచ్చారు. ఇప్పటి లెక్క ప్రకారం 2028 జనవరి 1 వరకు ఉంది.

హనుమకొండ చౌరస్తాలో బట్టల దుకాణం నడిపి బాగా సంపాదించిన ఒకాయన అలాంటి టికెట్ కొన్నాడని ఊహిద్దాం. కంపెనీ అతనికి రాతపూర్వకంగా చెప్పాల్సిన మొదటి మాట: "ఈ వాహనం మనుషులను మోయడానికి సురక్షితమని అమెరికా ప్రభుత్వం ధ్రువీకరించలేదు." ఆ తర్వాత తెలిసిన ప్రమాదాలు, అలాంటి వాహనాల గత చరిత్ర. అవన్నీ విని సంతకం పెట్టాలి. ప్రభుత్వం మీద దావా వేయనని కూడా రాసివ్వాలి. హైదరాబాద్‌కు విమానం ఎక్కినప్పుడు ఇలాంటి కాగితం ఎవరూ ఇవ్వరు. విమానానికి ధ్రువీకరణ ఉంటుంది, టికెట్ కొన్నవాడికి హక్కులు ఉంటాయి. ఈయన చట్టం దృష్టిలో ప్రయాణికుడే కాదు, ప్రమాదకరమైన ప్రయత్నంలో పాలుపంచుకుంటున్న మనిషి. ఇక ఇంట్లోవాళ్ల సంగతి: ఆయన బీమా పాలసీలో మినహాయింపులు ఏమున్నాయో బయల్దేరకముందే చూసుకోవాలి.

ఈ పద్ధతిని సమర్థించేవాళ్ల మాటలో బలం ఉంది. ఇంకా ఏ డిజైన్ మంచిదో తేలని దశలో నియమాలు రాస్తే, ఈరోజు తెలిసిన పద్ధతే శాశ్వతమైపోతుంది, రేపటి మెరుగైన పద్ధతికి దారి మూసుకుపోతుంది. తొలి విమానాలు ఎక్కినవాళ్లకూ ఎవరూ హామీ ఇవ్వలేదు. వెళ్లేది కొద్దిమంది, తెలిసి వెళ్లేవాళ్లు. అలాంటప్పుడు ఆపడం దేనికి?

ఎదుటి వాదన: ఇరవై ఏళ్లు దాటినా ఇంకా నేర్చుకుంటూనే ఉన్నామంటే ఎలా? కొనేవాడికి డబ్బుంది కానీ రాకెట్ ఇంజిన్ గురించి ఏం తెలుసు? 2014 అక్టోబర్ 31న వర్జిన్ గెలాక్టిక్ కోసం తయారైన స్పేస్‌షిప్‌టూ పరీక్షలో ముక్కలై కో-పైలట్ మైఖేల్ అల్స్‌బరీ చనిపోయాడు. ఒక లివర్‌ను కాస్త ముందుగా తీశాడు. మనిషి అలాంటి ఒక్క తప్పు చేస్తే ఏమవుతుందో తయారీ సంస్థ ముందే ఆలోచించి జాగ్రత్తపడలేదని దర్యాప్తు సంస్థ ఎత్తిచూపింది. శిక్షణ పొందిన పైలట్‌కే కనపడని గుంత, టికెట్ కొన్నవాడికి కనపడుతుందా?

సముద్రంలో జరిగిన టైటాన్ సంగతి ఈ రెండో వాదనకు మరింత బలం ఇస్తుంది. టైటానిక్ శిథిలాల దగ్గరికి తీసుకెళ్లే ఆ జలాంతర్గామి 2023 జూన్ 18న నలిగిపోయి అయిదుగురు చనిపోయారు. చావొచ్చని చెప్పే కాగితాల మీద సంతకాలు ఉన్నాయి. కానీ దాన్ని బయటి సంస్థ ఏదీ తనిఖీ చేసి ధ్రువీకరించలేదు. కాగితంలో 'మరణం' అన్న మాట ఉండొచ్చు, ఎంత దగ్గరలో ఉందో మాత్రం ఆ కాగితం చెప్పదు.

నా మట్టుకు, కొనేవాడి స్వేచ్ఛను కాపాడాలంటేనే ఎవరో ఒక మూడోవాళ్లు లోపలికి వెళ్లి చూసి నిజం చెప్పాలి. వెళ్లొద్దని నిషేధించడం ఒకటి, నిజమైన అంకె చెప్పించడం ఇంకొకటి. వాదనల్లో ఈ రెండూ తరచూ కలిసిపోతాయి.

పని కోసం మోసే రిస్క్: బొగ్గుబాయి నేర్పేది

పర్యాటకుడిది సరదా. ఉద్యోగిది వేరే కథ. గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి ఇళ్లలో దీన్ని ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. కొలంబియా కూలిన ఏడాదే, 2003 జూన్‌లో, గోదావరిఖని 7 ఎల్ఈపీ బాయిలో నీళ్లు పొంగి 17 మంది కార్మికులు చనిపోయారు. వాళ్లు కూడా 'ఇష్టపడి' దిగినవాళ్లే, ఒక అర్థంలో. షిఫ్టుకు పోకపోతే జీతం లేదన్నది ఆ ఇష్టంలో కలిసి ఉంది. అందుకే గని చట్టం కార్మికుడి సమ్మతిని నమ్ముకోదు. పైకప్పుకు సపోర్టు ఎలా ఉండాలి, గ్యాస్ ఎంత దాటితే బయటికి రావాలి అన్నవి చట్టమే చెబుతుంది. "నాకు భయం లేదు, దిగుతా" అన్నా కుదరదు.

వ్యోమగాముల విషయంలోనూ సంస్థలు ఇదే బాట పట్టాయి. 2024 జూన్‌లో బోయింగ్ స్టార్‌లైనర్‌లో వారం పైచిలుకు పనికి వెళ్లిన సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ 2025 మార్చిలో వేరే వాహనంలో తిరిగి వచ్చారు. థ్రస్టర్లు, అంటే నౌకను అటూ ఇటూ నడిపే చిన్న ఇంజిన్లు, సరిగా లేవని నాసా స్టార్‌లైనర్‌ను ఖాళీగా దింపింది. అది సెప్టెంబర్‌లో భద్రంగానే దిగింది. దిగింది కాబట్టి నాసా అతిగా భయపడిందని కొందరు అన్నారు. పూర్ణ విషయంలో చెప్పిన మాటే ఇక్కడా వర్తిస్తుంది. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా వెళ్లాల్సిన ఆక్సియం-4 ప్రయోగం పలుమార్లు వాయిదా పడింది. వాటిలో ఒకసారి ఫాల్కన్ 9 రాకెట్‌లో ద్రవ ఆక్సిజన్ లీకు కారణం. మరమ్మతు చేసి, పరీక్షించి చూపించాలని మన ఇస్రో పట్టుబట్టింది. సీట్లో కూర్చునే మనిషి సిద్ధంగా ఉన్నాడా అన్నది అక్కడ ప్రశ్నే కాలేదు.

రక్షణ అనే మాటకు ఇంకో ముఖం కూడా ఉంది. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భ గనుల్లోకి దిగనివ్వలేదు. 2019లో కేంద్రం సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకు పగటిపూట, రాతపూర్వక సమ్మతితో అనుమతించింది. అంతరిక్షంలో రేడియేషన్ హద్దు విషయంలోనూ నాసా చాలాకాలం వయసును, ఆడ-మగను బట్టి లెక్కేసింది. దాంతో ఆడవాళ్లకు కక్ష్యలో గడిపే రోజులు తక్కువ దక్కేవి. 2022లో అందరికీ ఒకే హద్దు, జీవితకాలానికి 600 మిల్లీసీవర్ట్‌లు, అని మార్చారు. కాపాడటానికి పెట్టిన నియమం ఎవరి అవకాశాన్ని తగ్గిస్తోందో కూడా చూడాలి.

హెల్మెట్ వాదన ఎక్కడిదాకా పనిచేస్తుంది

"నా తల, నా ఇష్టం" అనే మాటకు సాధారణంగా వచ్చే జవాబు ఖర్చు. 2022లో హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది. తలకు దెబ్బ తగిలినవాళ్లను వరంగల్ ఎంజీఎంకు తెస్తారు, బిల్లు ఆరోగ్యశ్రీ మోస్తుంది, అంటే అందరం మోస్తాం. వాదన సరైనదే. కానీ దాన్ని పట్టుకుని ఎంతదూరమైనా పోవచ్చు: గుట్కా, సిగరెట్, కొండలెక్కడం, ఆఖరికి కూర్చుని తినడం కూడా. కోటీశ్వరుడి రాకెట్ టికెట్‌కు ఈ వాదన అసలు అతకదు, అతని ఖర్చు ఆరోగ్యశ్రీ మీద పడదు. అతన్ని వెతకడానికి నౌకలు, విమానాలు కదిలితే ఆ బిల్లు ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఉంటుంది. టైటాన్ కోసం అమెరికా, కెనడా ప్రభుత్వాలు రోజుల తరబడి సముద్రాన్ని గాలించాయి.

సంతకం పెట్టనివాళ్లు

ఇక లాడ్‌బోరికి వద్దాం. ఇక్కడ చట్టం గొంతు పూర్తిగా మారిపోతుంది. అమెరికా ఎఫ్ఏఏ నియమం ప్రకారం ఒక ప్రయోగం వల్ల బయట ఉన్న ఏ ఒక్క మనిషికీ చావో తీవ్ర గాయమో జరిగే అవకాశం పది లక్షల్లో ఒకటి దాటకూడదు, అంటే మరణ అవకాశం ఒక్క మైక్రోమార్ట్‌కు మించదు. జనం మొత్తాన్ని కలిపి చూసినా, పదివేల ప్రయోగాలకు ఒకరికి హాని జరిగేంతకన్నా ఎక్కువ ఉండకూడదు. పైనున్న వ్యోమగామికి 3,700, కిందున్న రైతుకు ఒకటి. రెండింటి మధ్య అంత తేడా రావడానికి కారణం ఒక్కటే: అడిగారా, లేదా. ఈ వ్యాసం మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన అంకెలు ఇవే.

అంతర్జాతీయ ఒప్పందాలూ ఇదే దారిలో ఉన్నాయి. 1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం ప్రైవేటు కంపెనీ చేసే పనికి కూడా ఆ దేశ ప్రభుత్వమే జవాబుదారీ. 1972 నాటి నష్టబాధ్యత ఒప్పందం ఇంకా కఠినం. భూమి మీద నష్టం జరిగితే తప్పు ఎవరిదని నిరూపించనక్కర్లేదు, ప్రయోగించిన దేశం కట్టాల్సిందే. 1978లో సోవియట్ ఉపగ్రహం కాస్మోస్ 954 అణు ఇంధనంతో సహా కెనడాలో పడితే, కెనడా సుమారు 60 లక్షల కెనడా డాలర్లు అడిగింది, చివరికి 30 లక్షల దగ్గర తేలింది.

ఆ రింగు ఆసిఫాబాద్ జిల్లాలో ఒక ఇంటి మీద పడి ఉంటే ఏం జరిగేది? ఇంటి యజమాని ఈ ఒప్పందం కింద తానుగా చైనాను అడగలేడు. ఈ దావా దేశానికీ దేశానికీ మధ్య నడిచేది. ఆయన కలెక్టర్‌కు చెప్పుకోవాలి, రాష్ట్రం ఢిల్లీకి చెప్పాలి, ఢిల్లీ దౌత్యమార్గంలో అడగాలి. నష్టం జరిగిన నాటి నుంచి, లేదా ఏ దేశం ప్రయోగించిందో తెలిసిన నాటి నుంచి ఏడాదిలోపు. ఢిల్లీ అడగదలుచుకోకపోతే ఆయనకు మిగిలేది చైనా కోర్టుల్లో సొంతంగా దావా వేసుకోవడమే, దాన్ని మాత్రం ఒప్పందం అడ్డుకోదు. హక్కు బాధితుడి పేరున కాకుండా ప్రభుత్వం చేతిలో ఉండటం ఈ ఏర్పాటులోని పెద్ద లోపం అని నా అభిప్రాయం. ఓపెన్ కాస్ట్ బ్లాస్టింగులకు గోడలు పగిలిన ఊళ్లవాళ్లకు ఆఫీసుల చుట్టూ తిరగడం అంటే ఏమిటో తెలుసు. కనీసం వాళ్లకు వెళ్లి అడగడానికి ఒక ఆఫీసు ఉంది.

మన దేశం ఎక్కడుంది

గగన్‌యాన్ కోసం ఎంపికైన నలుగురూ వాయుసేన పైలట్లు. వాళ్ల రిస్క్ సైనికోద్యోగి రిస్క్ లాంటిది, నిర్ణయం ఇస్రోది. అందుకే మనుషుల్ని పంపకముందే ప్రమాదంలో సిబ్బంది క్యాప్సూల్‌ను రాకెట్ నుంచి దూరంగా లాక్కెళ్లే ఏర్పాటును 2023 అక్టోబర్ 21న విడిగా ఎగరేసి పరీక్షించారు. ముందు మనుషులు లేని యాత్ర, తర్వాతే మనుషులు.

ప్రైవేటు వైపు కథ ఇప్పుడిప్పుడే మొదలైంది. హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ 2022 నవంబర్ 18న విక్రమ్-ఎస్ రాకెట్‌ను శ్రీహరికోట నుంచి ఎగరేసింది. 2023లో భారత అంతరిక్ష విధానం వచ్చింది. ప్రైవేటు ప్రయోగాలకు ఇన్-స్పేస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ అనుమతి కావాలి. అయితే విధానం వేరు, పార్లమెంటు చేసిన చట్టం వేరు. 2017లో ముసాయిదా బయటికి వచ్చినా, అలాంటి చట్టం ఇంకా కావాల్సే ఉంది. మన గడ్డ మీది నుంచి టికెట్ కొన్న మనిషి ఎగరాలంటే ఆ చట్టం కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పాలి. అతనికి రిస్క్ అంకె ఎవరు చెప్పాలి, కంపెనీయా, బయటి సంస్థా? అది తెలుగులోనో తమిళంలోనో అతనికి అర్థమయ్యే భాషలో ఉండాలా? కంపెనీ నిర్లక్ష్యం తేలినా సంతకం దాన్ని కాపాడుతుందా? కింద నష్టపోయినవాడు తానే వెళ్లి అడగగలిగే చోటు జిల్లాలో ఉంటుందా, లేక ఢిల్లీలోనేనా?